చివరి రెండు శాతం



ఈసారి ఒక లెక్కతో మొదలుపెడతాను. బ్యాంకాక్‌లో సియామ్ పారగాన్ అని పెద్ద షాపింగ్ మాల్ ఉంది. థాయ్ ఇంధన పరిశోధకులు తరచూ చూపించే లెక్క ప్రకారం ఆ ఒక్క మాల్ ఏడాదికి వాడిన కరెంటు 123 గిగావాట్ అవర్లు. మన మీటరు భాషలో 12 కోట్ల 30 లక్షల యూనిట్లు. బర్మా సరిహద్దులో మే హాంగ్ సోన్ అని ఒక చాంగ్వాట్ ఉంది. చాంగ్వాట్ అంటే మన జిల్లా లాంటిది. రెండున్నర లక్షల మంది ఉన్న ఆ జిల్లా మొత్తం, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, ఆఫీసులు అన్నీ కలిపి, ఏడాదికి వాడింది 65 గిగావాట్ అవర్లు. అంటే ఒక మాల్‌కి రెండు జిల్లాల కరెంటు.

రెండు వారాల కింద ఈ వరుసలో బాబాసాహెబ్ గురించి రాశాను. 1943 అక్టోబరులో వైస్రాయ్ కౌన్సిల్ లేబర్ మెంబరుగా ఆయన విద్యుత్ విధాన కమిటీకి అధ్యక్షత వహించిన సంగతి, కరెంటు చవగ్గా, సమృద్ధిగా రాకపోతే ఈ దేశంలో పేదరికం పోదని ఆయన వాదించిన సంగతి. అది చదివి ఒక విద్యార్థిని అడిగింది: "మేడమ్, ఇప్పుడు సోలార్ వచ్చేసింది కదా. ఎవరి ఇంటి మీద వాళ్ల కరెంటు. ఇంకా స్తంభాల కోసం, లైన్ల కోసం కొట్లాడటం దేనికి?"

మంచి ప్రశ్న. దీనికి మన దగ్గర కంటే ముందే జవాబు దొరికిన చోటు థాయ్‌లాండ్. ఇరవై ఏళ్ల కిందటే ఆ దేశం రెండు లక్షల పేద ఇళ్లకు ఉచితంగా సోలార్ పెట్టింది. ఆ ఇళ్లు ఎవరివి, అవి అప్పటిదాకా చీకట్లో ఎందుకు ఉన్నాయి, తర్వాత ఏమైంది అన్నదే ఈ వారం కథ.

థాయ్ భాషలో కరెంటుని ఫై ఫా అంటారు. ఫై అంటే నిప్పు, ఫా అంటే ఆకాశం. ఆకాశపు నిప్పు అన్నమాట. ఆ నిప్పు భూమ్మీదికి దిగినప్పుడు మొదట ఎవరి ఇంట్లో దిగిందో చూద్దాం.

1957లో ప్రపంచ బ్యాంకు థాయ్‌లాండ్‌కి 6 కోట్ల 60 లక్షల డాలర్ల అప్పు ఇచ్చింది. తాక్ జిల్లాలో పింగ్ నది మీద యన్హీ దగ్గర ఆనకట్ట కట్టడానికి. 154 మీటర్ల ఎత్తున్న ఆ ఆనకట్ట 1964లో పూర్తయింది. రాజుగారి పేరే పెట్టారు, భూమిబోల్ డ్యామ్ అని. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద పెద్ద టవర్ల మీద వందల కిలోమీటర్లు దక్షిణానికి నడిచి బ్యాంకాక్ చేరింది. ఈ తాక్ జిల్లా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పల్లెలకు కరెంటు ఇవ్వడానికి 1960లో ప్రావిన్షియల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ అనే సంస్థ పెట్టారు. మన డిస్కం లాంటిది. పేరుకి పల్లెల సంస్థే గానీ పదేళ్లు దాటినా ఎక్కువ పల్లెలు చీకట్లోనే ఉన్నాయి. కదలిక వచ్చింది వేరే కారణంతో. 1965 ఆగస్టు 7న ఈశాన్య థాయ్‌లాండ్‌లో, నఖోన్ ఫనోమ్ జిల్లా నాబువా అనే పల్లెలో కమ్యూనిస్టు గెరిల్లాలకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య కాల్పులు జరిగాయి. థాయ్ చరిత్రలో ఆ రోజుకి 'తుపాకి మోగిన రోజు' అని పేరు. ఈశాన్యాన్ని ఇసాన్ అంటారు. దేశంలోకెల్లా బీద ప్రాంతం, లావో మాట్లాడే రైతుల ప్రాంతం. అక్కడ తుపాకి మోగాక బ్యాంకాక్‌కీ అమెరికాకీ పల్లెలు కనిపించాయి. రోడ్లు పడ్డాయి, రోడ్ల వెంట స్తంభాలు పడ్డాయి. తెలంగాణలో ఎక్కడెక్కడ రోడ్లు ఎప్పుడు పడ్డాయో తెలిసిన పెద్దవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

1970ల మొదట్లో దేశమంతటికీ పల్లె విద్యుదీకరణ ప్రణాళిక వేశారు. దీన్ని ప్రపంచంలో చాలామంది మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. పాతికేళ్లలో 98 శాతం పల్లెలకు లైన్ వెళ్లింది. ఆ వేగం మనం చూడలేదు. అయితే ఏ పల్లెకి ముందు, ఏ పల్లెకి వెనక అని తేల్చడానికి వాళ్లు మార్కులు వేశారు. లైన్‌కి ఎంత దగ్గర? రోడ్డు ఉందా? ఎన్ని ఇళ్లు? దుకాణాలు, రైస్ మిల్లులు ఉన్నాయా? నిర్మాణ ఖర్చులో 30 శాతం ఊరివాళ్లే పెట్టుకుంటే వరుసలో ముందుకు జరపొచ్చు. ఇంజనీరు కళ్లతో చూస్తే ఒక్క ప్రమాణం కూడా తప్పుగా కనిపించదు. కులం అని లేదు, జాతి అని లేదు, భాష అని లేదు. కానీ పట్టిక అడుగున మిగిలినవాళ్లను చూస్తే ఎక్కువమంది కొండవాళ్లు. కరెన్, హ్మాంగ్, లాహు, లిసు, అఖా. థాయ్‌లో వీళ్లందరినీ కలిపి 'చావ్ ఖావో' అంటారు, కొండ మనుషులు. మన ఆఫీసుల్లో కొన్ని మాటలు పలికినప్పుడు గొంతు ఎలా మారుతుందో ఆ మాట పలికేటప్పుడు కూడా అలాగే మారుతుందని నాకు చియాంగ్ మైలో ఒక మిత్రురాలు చెప్పింది.

ఇక్కడ రెండు గోడలున్నాయి. ఒకటి అడవి, రెండోది కాగితం.

1961లో జాతీయ పార్కుల చట్టం, 1964లో రిజర్వు అడవుల చట్టం వచ్చాయి. తరతరాలుగా ఉన్న పల్లెల చుట్టూ గీత గీసి లోపలున్నవాళ్లను ఆక్రమణదారులు అన్నారు. కరెన్ రైతులు ఒక చెక్క సాగుచేసి కొన్నేళ్లు బీడు వదిలి, మళ్లీ దాని దగ్గరికి తిరిగి వస్తారు. మన పోడులాంటిదే. దానిమీద పడిన నింద కూడా మన పోడు మీద పడిన నిందే, అడవి తగలబెడుతున్నారని. (అదే సాగును 2013లో థాయ్ సాంస్కృతిక శాఖ జాతీయ వారసత్వంగా గుర్తించింది. అటవీ శాఖ మాత్రం కేసులు ఆపలేదు.) అడవి గీత లోపల స్తంభం పాతాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కరెంటు సంస్థ లైను వేస్తానన్నా అడవి సంస్థ ఒప్పుకోదు. అదే కొండల్లో రిసార్టులకు దారి ఎలా దొరుకుతుందో అక్కడివాళ్లను అడగండి, నవ్వుతారు.

రెండో గోడ కాగితం. 1972 డిసెంబరు 13న సైనిక ప్రభుత్వం 337వ నంబరు ప్రకటన తెచ్చింది. బయటి దేశపు తల్లిదండ్రులకు పుట్టారని చెప్పి ఎంతోమంది పౌరసత్వాన్ని తీసేసింది. కొండల్లో పుట్టి కొండల్లో పెరిగినవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు కాబట్టి వాళ్లు 'బయటివాళ్లు' అయ్యారు. థాయ్‌లాండ్‌లో తబియన్ బాన్ అని ఇంటి రిజిస్టర్ పుస్తకం ఉంటుంది. మీటరు కావాలన్నా, బడిలో చేర్చాలన్నా అదే అడుగుతారు. పౌరసత్వం లేకపోతే ఆ పుస్తకం సరిగ్గా ఉండదు. పుస్తకం లేకపోతే ఇల్లు ఉన్నా ఇంటి నంబరు ఉండదు. 2024 అక్టోబరు 29న థాయ్ క్యాబినెట్ సుమారు 4,83,000 మందికి పౌరసత్వమో శాశ్వత నివాసమో త్వరగా ఇచ్చే పద్ధతిని ఆమోదించింది. ఇన్ని లక్షల మంది అప్పటిదాకా ఏ దేశం వాళ్లూ కాకుండా బతికారు.

నిఘంటువులో వెలి, వెలుగు దగ్గరదగ్గర పేజీల్లోనే ఉంటాయి. ఈ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు అదే గుర్తుకొచ్చింది.

సోలార్ ఈ గోడలకు పక్కదారిగా వచ్చింది. స్తంభం అక్కర్లేదు, అడవిలో చెట్టు కొట్టనక్కర్లేదు. 1980ల చివర నుంచి కొండ పల్లెల్లో ప్రభుత్వం సోలార్ బ్యాటరీ ఛార్జింగ్ స్టేషన్లు పెట్టింది. పల్లె మధ్యలో కొన్ని ప్యానెళ్లు. జనం కారు బ్యాటరీ లాంటి బ్యాటరీని మోసుకొచ్చి అక్కడ తగిలించాలి, ఛార్జి అయ్యాక మళ్లీ మోసుకుపోవాలి. నిండా సీసం ఉన్న బరువు, ఏటవాలు దారి, మోసేది ఎక్కువగా ఆడవాళ్లో పిల్లలో. పదిహేనేళ్ల తర్వాత డోనా గ్రీన్ అనే పరిశోధకురాలు ఉత్తర థాయ్‌లాండ్‌లో ఈ స్టేషన్లు తిరిగి చూస్తే సగానికి పైగా పనిచేయడం లేదు. 2004లో అచ్చయిన తన వ్యాసంలో ఆమె వీటిని తెల్ల ఏనుగులు అంది. థాయ్‌లాండ్‌లో తెల్ల ఏనుగు రాజుగారి సొత్తు, శుభం. దాన్ని మేపే ఖర్చు ఎవరిదన్నది వేరే సంగతి.

అదే 2004లో తక్సిన్ ప్రభుత్వం పెద్ద పథకం మొదలుపెట్టింది. లైన్ వెళ్లని ఇళ్లు సుమారు 2,90,000 అని తేలింది. 98 శాతం పోగా మిగిలిన ఆ చివరి రెండు శాతం. వీళ్లందరికీ ఇంటికొక సోలార్ వ్యవస్థ అన్నారు. రెండేళ్లలో రెండు లక్షల మూడు వేల ఇళ్లకు పెట్టేశారు. అంత తక్కువ కాలంలో అన్ని ఇళ్లకు పెట్టిన దేశాలు అప్పట్లో అరుదు. ఇంటి పక్కన ఇనుప స్తంభం మీద 120 వాట్ల ప్యానెల్, 125 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, 150 వాట్ల ఇన్వర్టరూ ఛార్జ్ కంట్రోలరూ కలిసిన డబ్బా, 10 వాట్ల ట్యూబులు రెండు. ఒక చిన్న టీవీ కొన్ని గంటలు నడుస్తుంది. భూమిబోల్ డ్యామ్ ఉన్న తాక్ జిల్లా కొండల్లోకి కూడా ఈ ప్యానెళ్లు వచ్చాయి. డ్యామ్ కరెంటు బ్యాంకాక్ చేరిన నలభై ఏళ్లకు, ఆ డ్యామ్ ఉన్న జిల్లా మనుషులకు రెండు ట్యూబులు.

మొదట్లో చెప్పిన మాల్ లెక్కను దీని పక్కన పెట్టండి. 120 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి అర యూనిట్ ఇస్తుంది. రెండు లక్షల మూడు వేల ఇళ్లు కలిపితే రోజుకి లక్ష యూనిట్లు. ఆ మాల్ ఒక్కరోజులో వాడేది మూడు లక్షల ముప్పై ఏడు వేల యూనిట్లు. దేశంలోని చివరి రెండు లక్షల ఇళ్ల వెలుగు, ఒక మాల్‌లో మూడో వంతు కూడా కాదు.

అయినా ఆ రెండు ట్యూబులని నేను తక్కువ చేయను. 2019 డిసెంబరులో జానపద సాహిత్యం మీద ఒక వర్క్‌షాపుకి చియాంగ్ మై వెళ్లినప్పుడు, పైన చెప్పిన మిత్రురాలు నన్ను మే హాంగ్ సోన్ కొండల్లో ఒక కరెన్ పల్లెకి తీసుకుపోయింది. నాలుగు రాత్రులు ఉన్నాం. కర్ర స్తంభాల మీద ఇల్లు, కింద పందులు, కోళ్లు. వాకిట్లో ఆ ఇనుప స్తంభం, దానిమీద ప్యానెల్. పదమూడేళ్ల నాటిదైనా ప్యానెల్ బాగానే ఉంది. ప్యానెల్‌కి చావు తక్కువ. చచ్చేది మిగతావే.

ఇన్వర్టర్ డబ్బా ఎప్పుడో పోయింది. అది గోడకే ఉంది, లోపల బల్లులు కాపురం ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చిన బ్యాటరీ నాలుగేళ్లు వచ్చిందట. దాని స్థానంలో ఒక ట్రక్కు నుంచి తీసిన పాత బ్యాటరీ. ప్యానెల్ నుంచి వైరు నేరుగా బ్యాటరీకి, బ్యాటరీ నుంచి నేరుగా సంతలో కొన్న ఎల్ఈడీ బల్బులకి. మధ్యలో కంట్రోలర్ లేదు. కంట్రోలర్ లేకపోతే బ్యాటరీ ఎక్కువ ఛార్జి అయి ఉడుకుతుంది, లేదా పూర్తిగా ఖాళీ అయి పాడవుతుంది. ఆ సంగతి ఆ ఇంటాయనకు మనకంటే బాగా తెలుసు. "కొత్తది కొనేదాకా ఇంతే" అన్నాడు.

చీకటి పడ్డాక రెండు బల్బులు వెలిగాయి. ఒకటి వంట చేసే చోట, ఒకటి మెట్ల దగ్గర. ఇంటి పెద్దావిడ నడుముకి కట్టుకునే మగ్గం తీసి వంట చోట బల్బు కింద కూర్చుంది. మనవరాలు అదే బల్బు కింద పుస్తకం తెరిచింది. ఫోన్లు మూడు ఒకదాని తర్వాత ఒకటి ఛార్జింగ్ పెట్టారు, వరుస ముందే తేల్చుకున్నారు. తొమ్మిదింటికి ఒక బల్బు ఆర్పేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలవాటు. వానాకాలంలో మూడు నెలలు మబ్బు పడితే గంటకంటే ఎక్కువ వెలగదని, అప్పుడు మగ్గం పని పగటికి మార్చుకుంటామని పెద్దావిడ చెప్పింది. బ్యాటరీలో నీళ్లు పోసే పని కూడా ఆవిడదే. వాన నీళ్లు పట్టి సీసాలో దాచి పోస్తుంది. వాగు నీళ్లు పోస్తే బ్యాటరీ త్వరగా పోతుందని ఎవరు చెప్పారని అడిగితే, పోయిన బ్యాటరీయే చెప్పిందని నవ్వింది.

ఇన్వర్టర్ పోయినప్పుడు ఎవరికి చెప్పారని ఇంటాయన్ని అడిగాను. ఊళ్లో ఒకతనికి శిక్షణ ఇచ్చారట, అతను కూలికి పట్నం పోయాడు. ఆఫీసు మూడు గంటల దూరం, మోటారుసైకిల్ మీద. ఒకసారి వెళ్తే ఇంటి నంబరు అడిగారు. అప్పట్లో వీళ్లది తాత్కాలిక నంబరు. మళ్లీ వెళ్లలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. పథకం నడుస్తున్న రోజుల్లోనే మే సోట్ కేంద్రంగా పనిచేసే బోర్డర్ గ్రీన్ ఎనర్జీ టీమ్ అనే చిన్న సంస్థ, పలంగ్ థాయ్ అనే ఇంకో సంస్థ తాక్ జిల్లాలో నాలుగు వందలకు పైగా ఇళ్లు తిరిగాయి. పెట్టి రెండేళ్లయినా కాకముందే ఐదింట ఒకటికి పైగా పనిచేయడం లేదు. ఎక్కువ పోయింది ఇన్వర్టర్లు, ట్యూబుల చోకులు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది మరో విషయం. ఆ పరికరాలకు వారంటీ ఉంది. కంపెనీ ఉచితంగా మార్చి ఇవ్వాలి. ఆ సంగతి చాలా ఇళ్లలో తెలియదు. వాడే పద్ధతి చెప్పే పుస్తకం ఇవ్వలేదు, వారంటీ కార్డు చేతికి రాలేదు. వచ్చినా థాయ్ లిపి చదవలేని ఇళ్లు ఎన్నో. హక్కు కాగితం మీద ఉంది, కాగితం కాంట్రాక్టర్ దగ్గర ఉంది.

ఆ సంస్థ అప్పుడు చేసిన పని మన విద్యార్థి సంఘాలు చూడదగ్గది. కొత్త ప్యానెళ్లు పంచలేదు. ఊరికి ఇద్దరు ముగ్గురికి రిపేరు నేర్పింది, పోయిన డబ్బా విప్పించి ఏ భాగం పోయిందో చూపించింది, వారంటీ ఎలా అడగాలో వాళ్లకు వివరించింది. ఇదే బృందం సరిహద్దు అవతల కరెన్ ప్రాంతంలో వైద్య కేంద్రాలకు కూడా సోలార్ పెట్టింది. 2006 సెప్టెంబరు 19న సైన్యం తక్సిన్ ప్రభుత్వాన్ని కూల్చింది. 'మా పథకం' అని చెప్పుకునేవాడు పోయాక, దాని మరమ్మతు సంగతి పట్టించుకునేవాడు ఎవడుంటాడు?

కొండల మీద ప్యానెళ్లు ఇలా ఒక్కొక్కటే ఆరుతుంటే మైదానంలో ఇంకో సోలార్ మొదలైంది. 2007లో ప్రభుత్వం సోలార్ కరెంటు అమ్మేవాళ్లకు మామూలు ధర మీద యూనిట్‌కి 8 బాట్లు అదనంగా, పదేళ్ల పాటు ఇస్తామంది. కంపెనీలు పరుగెత్తాయి. కోరాత్‌లో సోలార్ తోటలు, 2012లో లోప్‌బురిలో 73 మెగావాట్ల కేంద్రం. ఆగ్నేయాసియాలో థాయ్‌లాండ్ ముందుకొచ్చింది. మామూలు ఇంటిమీద సోలార్ పెట్టుకుని అమ్ముతామంటే 2013లో 6.96 బాట్లకు కొద్దిమందికే అవకాశం ఇచ్చారు. తర్వాత 2019లో 'ప్రజల సోలార్' అని గొప్ప పేరుతో పథకం తెచ్చారు. ప్రజల కరెంటుకి ధర యూనిట్‌కి 1.68 బాట్లు. అదే ప్రజలు రాత్రి గ్రిడ్ నుంచి కొంటే దాదాపు నాలుగు బాట్లు. ఎవరొస్తారు? ఏడాదికి 100 మెగావాట్లు అనుకున్నది దగ్గరికి కూడా పోలేదు. 2021లో 2.20 చేశారు. 2022 చివర్లో గ్రిడ్ కరెంటు 4.72 బాట్లకు చేరింది. వెనక్కి తిరిగే పాత మీటరు ఉంటే పగటి యూనిట్ రాత్రి యూనిట్‌తో చెల్లిపోతుంది. అలాంటి మీటర్లు తీసేయించారు. కంపెనీ యూనిట్‌కీ పేదవాడి యూనిట్‌కీ ఎలక్ట్రాన్లలో తేడా లేదు, రేటులో మాత్రం ఇంత తేడా.

జనం ఊరికే కూర్చోలేదు. ఉబోన్ జిల్లా ఖోంగ్ చియమ్‌లో శ్రీ సేంగ్ థమ్ అనే బడి ఉంది. ఒక బౌద్ధ భిక్షువు నడిపే బడి, చదువుకునేది రైతుల పిల్లలు. అక్కడ పిల్లలే ప్యానెళ్లు బిగిస్తారు, బల్ల మీద సర్క్యూట్ విప్పుతారు. తోపుడు బండి మీద ప్యానెల్, బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టి పొలానికి తోసుకుపోయే సోలార్ బండి తయారుచేశారు. పొలంలో నీళ్ల పంపు నడుస్తుంది, రాత్రి కాపలా గుడిసెలో లైటు వెలుగుతుంది. ఆ బడి నుంచి నేర్చుకుని చాలా ఊళ్లవాళ్లు సొంతంగా కట్టుకున్నారు. ధర్మం బోధించే భిక్షువు టంకం పెట్టడం కూడా బోధిస్తాడు! బాబాసాహెబ్ చూసి ఉంటే సంతోషించేవారని నా నమ్మకం.

అదే ఉబోన్‌లో సిరిన్ధోర్న్ డ్యామ్ ఉంది. 1971లో పూర్తయింది. ఆ నీళ్ల కింద పొలాలు పోయిన కుటుంబాలు దశాబ్దాల తర్వాత కూడా పరిహారం కోసం పేదల సభ అనే ఉద్యమంలో నిలబడ్డాయి. 2021 అక్టోబరులో ఆ డ్యామ్ నీళ్ల మీద 45 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం ప్రారంభమైంది. సుమారు 1,45,000 ప్యానెళ్లు. మునిగిన పొలాల మీద ఇప్పుడు ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎండని కోస్తోంది. పర్యాటకులు చూడటానికి గాజు నడక వంతెన కూడా కట్టారు.

ఇక ఆ విద్యార్థిని ప్రశ్నకి వస్తాను. అమ్మా, ఎవరి ఇంటి మీద వాళ్ల కరెంటు అన్నావు. ఇల్లు ఎవరి పేరున ఉంది అన్నది మొదటి చిక్కు. థాయ్ కొండల్లో చిక్కు అక్కడే పడింది. మన దగ్గర 2024లో కేంద్రం ఇంటి పైకప్పు సోలార్ పథకం తెచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెడతామంటున్నారు. ఇవి గ్రిడ్‌కి కలిసిన వ్యవస్థలు, బ్యాటరీ ఉండదు, కాబట్టి థాయ్ కథ అచ్చంగా ఇక్కడ జరగదు. లైన్ పోతే ప్యానెల్ కూడా ఆగిపోతుంది. అంటే స్తంభం కోసం కొట్లాట ఉంటూనే ఉంటుంది. రేకుల ఇంటికి, పట్టా లేని ఇంటికి, అన్నదమ్ములు నలుగురు ఉన్న ఒక్క గది ఇంటికి ఏం చేస్తారన్నది ఇప్పుడే అడగాలి. మీ వాడలో ఇప్పటికే బిగించిన ఇల్లు ఉంటే ఈ ఆదివారం వెళ్లి చూడండి. ఇన్వర్టర్ వారంటీ కార్డు ఇంట్లో ఉందా, కాంట్రాక్టర్ దగ్గర ఉందా? ఏ భాషలో ఉంది? నెల బిల్లులో అమ్మిన యూనిట్లు ఎన్ని, ఏ రేటుకి? ఫొటోలు తీసి కామెంట్లలో పెట్టండి, పేర్లు, సర్వీసు నంబర్లు కనబడకుండా.

వచ్చే వారం పాక్ మున్ ఆనకట్ట గురించి, 1997లో పేదల సభ బ్యాంకాక్‌లో 99 రోజులు కూర్చున్న ధర్నా గురించి రాస్తాను.